గెలుపు కింద లెక్క కూడా రాయాలె



ఈసారి పోస్టు పంట గురించి కాదు, ఫోన్‌లో ఆడే ఒక ఆట గురించి. "నాట్ల టైంలో ఈయనకు ఆటలేంది" అనుకోకండి. కొంచెం ఓపికతో చివరిదాకా చదవండి. మూడో బోరు వెయ్యాల్నా వద్దా అని నాలుగు నెలలు కిందమీద పడ్డ. ఆ లెక్క ఎట్ల చూడాల్నో నాకు ఈ ఆట దగ్గరనే దొరికింది.

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. మీ ఇంట్లో పిల్లలుంటే పేరు వినే ఉంటారు. స్వీడన్ దేశపోళ్లు తయారుచేసింది. 2009లో మొదలై, 2011లో పూర్తి ఆటగా వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొన్నరు. ఇప్పటికి 30 కోట్ల కాపీలకు పైనే అమ్ముడుపోయింది. చూడ్డానికి మాత్రం అంతా ఇటుక పెళ్లల లెక్క గడులు గడులుగా ఉంటది. చెట్టు గడులే, గొర్రె గడులే, సూర్యుడు కూడా గడే.

ఇందులో ఫలానా పని చెయ్యాలని రూలు లేదు. ఒక లోకంల నిన్ను వదిలేస్తది. చెట్టు కొట్టుకోవాలె, గుడిసె కట్టుకోవాలె, రాయి తవ్వుకోవాలె, గోధుమలు, క్యారెట్, ఆలుగడ్డ పండించుకోవాలె. మనకు నచ్చే ముచ్చట ఒకటి చెప్త. ఆ ఆటలో కూడా నీళ్లకు నాలుగు గడుల లోపల ఉంటేనే నేల తడిగా ఉంటది. అంతకంటే దూరం పోతే ఎండిపోతది. నీళ్లు లేని రైతుకు అక్కడ కూడా తిప్పలే అన్నమాట.

మా చిన్నోడు తొమ్మిదో తరగతి. ఆదివారం పూట నా ఫోన్‌లో ఆడుతడు. టైం పెట్టినం, టైం కాంగనే ఫోన్ ఇచ్చేస్తడు. ఒకరోజు పక్కన కూసొని "ఏం కట్టినవ్ రా, చూపియ్యి" అన్న. వాడు నన్ను ఒక పెద్ద హాల్లోకి తీస్కపోయిండు. నల్లరాయి గోడలు, దీపాలు, వరసగా చట్రాలు. ఒక్కో చట్రంల ఒక్కో అరుదైన వస్తువు. మన బడిల హెడ్మాస్టర్ రూంల కప్పులు, షీల్డులు పెడ్తరు చూడండి, అట్ల.

ఆ చట్రం కూడా ఊరికే రాదు. ఎనిమిది కట్టెపుల్లలు, ఒక తోలుముక్క కలిపితే ఒకటైతది. తోలు కోసం ఆవులను సాకాలె. అంటే గెలిచిన వస్తువు ఒక కష్టమైతే, దాన్ని గోడకు పెట్టుకునుడు ఇంకో కష్టం.

ముందుగా ఒక నల్ల పుర్రె చూపించిండు. విదర్ స్కెలిటన్ అని ఒక జీవి ఉంటదట. నెదర్ అనే నిప్పుల లోకంల, పాత కోటల్ల తిరుగుతది. మనిషి కంటే పొడుగు. అది కత్తితోని కొడితే ఒంట్లో విషం ఎక్కినట్టు ప్రాణం కొంచెం కొంచెం పోతనే ఉంటది. పిల్లగాళ్లు దానికొక ఉపాయం కనిపెట్టిన్రు. రెండు గడుల ఎత్తు మాత్రమే ఉండేటట్టు కప్పు కట్టుకొని దాని కింద నిలబడ్తరు. పొడుగుది కాబట్టి అది లోపలికి రాలేదు, మనం లోపల్నుంచి కొట్టొచ్చు. చచ్చినప్పుడల్లా పుర్రె ఇయ్యదు. నూటికి రెండున్నర సార్లు మాత్రమే ఇస్తది. అంటే సగటున 40 కొడితే ఒకటి.

మా వాడి దగ్గర మూడున్నయి. నేను వాటిని మెచ్చుకోబోతుంటే ఒక్కో చట్రం కింద చిన్న చెక్క బోర్డు కనబడింది. వాడే రాసుకున్నడు. మొదటి దాని కింద "12కు వచ్చింది". రెండో దాని కింద "30కి వచ్చింది". మూడో దాని కింద "91 కొట్టిన, రాలే. కత్తి మార్చిన. తర్వాత 9కి వచ్చింది".

"ఇదేంది రా, రానియి కూడా రాసుకున్నవ్?" అన్న.

"లేకపోతే చూసినోళ్లు తేలిగ్గ వస్తదనుకుంటరు బాపూ" అన్నడు.

ఈ మాట దగ్గరికి మళ్లీ వస్త. ముందు హాలు పూర్తిగా చూపియ్యనియ్యండి.

నడిమధ్యల అద్దాల పెట్టెల డ్రాగన్ గుడ్డు ఉంది. ఎండ్ అనే చీకటి లోకంల ఒక డ్రాగన్ ఉంటది. దాన్ని మొదటిసారి చంపినప్పుడు ఒకే ఒక్క గుడ్డు వస్తది. డ్రాగన్‌ను మళ్లీ పుట్టించి మళ్లీ చంపొచ్చు గాని, రెండో గుడ్డు రాదు. చేత్తోని ముట్టుకుంటే మాయమై ఇంకోచోట తేలుతది. కాబట్టి అది ఏ గడి మీద కూసుందో చూసుకొని, ఆ గడి కింద కాగడా పెట్టి, తర్వాత ఆ గడిని పగలగొట్టాలె. గుడ్డు కాగడా మీద పడి వస్తువుగా మారుతది, అప్పుడు ఏరుకోవాలె. ఇంత చేస్తే దాంతోని ఏం పని? ఏం లేదు. పొదగదు, పిల్ల కాదు. "గీ పని జేసిన" అని చెప్పుకునేటందుకే ఆ గుడ్డు.

పక్కన రెక్కలు. ఎలిట్రా అంటరు. కట్టుకొని గాల్లో తేలొచ్చు. ఎండ్ లోకంల దూరంగా నగరాలుంటయి, కొన్ని నగరాల పక్కన గాల్లో ఓడ ఉంటది. ఆ ఓడల ఈ రెక్కలు చట్రానికి తగిలిచ్చే ఉంటయి. ఓడ లేని నగరాలు కూడా ఉంటయి. మా వాడి బోర్డు మీద "4 నగరాలు ఖాళీ. 5వ దాంట్ల ఓడ" అని ఉంది.

ఆఖర్న ఒక నీళ్ల తొట్టి. ఆక్సోలోటల్ అని నీళ్లలో ఉండే జీవులు, తొండకు చేపకు నడుమ ఉన్నట్టు కనబడ్తయి. మెక్సికో దేశంల నిజంగానే ఉన్నయట, అంతరించిపోయే దశలో ఉన్నయట. ఆటలో ఐదు రంగులు. అందులో నీలంది దొరకాలంటే మిగతా రంగుల జతలను కలిపి పిల్లలు పుట్టిస్తనే ఉండాలె. 1200 పిల్లల్లో ఒకటి నీలం అయ్యే అవకాశం. అయితే ఒక్కసారి నీలంది దొరికి, దాన్ని ఇంకోదాంతోని కలిపితే, పుట్టేవాటిల్ల దాదాపు సగం నీలమే వస్తయి. ఈ సంగతి మనకు కొత్త కాదు. మంచి దేశీ విత్తనం ఒక్క దోసిలి దొరికేదాకనే కష్టం, దొరికినంక ఏటేటా పెంచుకోవచ్చు. మా వాడి తొట్టిల నీలంది లేదు. తొట్టి మీద బోర్డు మాత్రం ఉంది: "ఇప్పటికి 340. రాలే."

రాని దానికి కూడా బోర్డు పెట్టిండు చూడండి.

మా బామ్మర్ది కొడుకు సెలవులకొచ్చి ఇదంతా చూసి నవ్విండు. "బావా, క్రియేటివ్‌లకు మారిస్తే అన్నీ రెండు నిమిషాల్లో వస్తయి కదా" అన్నడు. నిజమే. ఆ ఆటలో క్రియేటివ్ అని ఒక పద్ధతి ఉంది. అందులో ఏ వస్తువు కావాలంటే ఆ వస్తువు జేబుల నుంచి తీసినట్టు వస్తది. గుడ్లు వంద పెట్టుకోవచ్చు. బిల్డింగులు కట్టి చూసుకునేటోళ్లకు అది మంచిదే. కాని ఫోన్‌ల ఆడేటప్పుడు ఒక లోకాన్ని ఒక్కసారి క్రియేటివ్‌కు మార్చితే, ఇక ఆ లోకంల ఆట ఇచ్చే గుర్తింపులు ఆగిపోతయి. మళ్లీ వెనక్కి తిప్పినా రావు. ఆట తయారుచేసినోళ్లకు కూడా ఈ తేడా తెలుసన్నమాట. మా వాడు మార్చలే. "అట్ల తెస్తే బోర్డు మీద ఏం రాయాలె?" అన్నడు.

ఇప్పుడు మూడో పుర్రె సంగతి. 91 కొట్టినా రాకపోయేసరికి వాడికి ఏడుపొక్కటే తక్కువ. ఒకరోజు అన్నం తినుకుంటనే అడిగిండు. "బాపూ, 91 అయినయి. ఇగ వచ్చేదానికి ఛాన్స్ పెరిగినట్టే కదా?"

నేను వాని నోటు పుస్తకంల లెక్క చేసి చూపించిన. ఒకసారి కొడితే రాకుండ పోయే అవకాశం నూటికి తొంభై ఏడున్నర. రెండుసార్లకు దాన్ని దాంతోనే గుణించాలె. అట్ల 91 సార్లు గుణిస్తే నూటికి పది వస్తది. అంటే పదిమంది పిల్లలు ఇట్లనే 91 కొడితే, అందులో ఒకడికి ఒక్కటి కూడా రాదు. ఆ ఒక్కడివి నువ్వే, అన్న. మరి 92వ దానికి? మళ్లీ అదే రెండున్నర. నువ్వు ఎన్ని కొట్టినవో ఆటకు గుర్తుండదు. నీ కష్టం చూసి జాలిపడి ఒకటి ఎక్కువ ఇయ్యదు.

వాడు కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత కొట్టుడు ఆపి, కత్తి మీద పడ్డడు. లూటింగ్ అనే మంత్రం కత్తికి మూడో మెట్టు దాకా ఎక్కిస్తే రెండున్నర కాస్తా ఐదున్నర అయితదట. సగటున 40కి ఒకటి అన్నది 18కి ఒకటి అయితది. దానికోసం రెండు ఆదివారాలు వజ్రాలు, పుస్తకాలు, నీలిరాయి పోగేసిండు. ఆ రెండు వారాలు ఒక్క పుర్రె కోసం కూడా పోలే. కత్తి తయారైనంక తొమ్మిదో దానికే వచ్చింది. తొమ్మిదికే రావడం అదృష్టం. కాని అవకాశాన్ని రెండింతలు చేసుకున్నది మాత్రం వాడే.

ఇగ నా బోరు సంగతికి వస్త.

మా చెలక రెండెకరాల మీద ఇప్పటికి రెండు బోర్లు వేసిన. మొదటిది 320 ఫీట్లు, రెండోది 450 ఫీట్లు. రెండిట్ల దుమ్మే లేచింది. కేసింగ్‌తోని కలుపుకొని రెండు లక్షల దాకా భూమిల పోసిన. ఈ ఎండాకాలం మూడోది వేద్దామని మళ్లీ మనసు లాగింది. ఊర్ల అందరూ అదే మాట. "రెండు పోయినయి, మూడోది పడ్తది లే." మీరు కూడా ఎవరో ఒకరికి ఈ మాట చెప్పే ఉంటరు. మంచి మనసుతోనే చెప్తం.

వాని నోటు పుస్తకంల లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలే. వాని 91కి నేనేం చెప్పిన? "ఆటకు గుర్తుండదు" అన్న. మరి భూమికి గుర్తుంటదా? నా రెండు లక్షలు చూసి ఆ రాయి పగుల్తదా? మనది గ్రానైట్ రాతి నేల. ఇందులో నీళ్లు బావిలో ఉన్నట్టు అంతటా ఉండవు. రాయి ఎక్కడ పగిలి సందులున్నయో అక్కడనే ఉంటయి. లోతుకు పోయినకొద్దీ నీళ్లు ఉంటయన్న గ్యారంటీ కూడా లేదు. ఆటలో 91 పోయినా 92వ దానికి ఛాన్స్ తగ్గలే, అదే రెండున్నర. నా చెలకల మాత్రం రెండు బోర్లు ఎండినయంటే, మూడోదాని కింద కూడా అదే రాయి ఉండే అవకాశమే ఎక్కువ. పెరిగే మాట అటుంచండి, తగ్గే మాటే వినపడ్తుంది.

వాడు 91 కొట్టిన దానికి పోయింది ఆదివారాలు. నాకు పోయేది వడ్డీకి తెచ్చిన పైసలు.

ఆ వారంలనే పాయింట్ చూసే ఒకాయన ఇంటికొచ్చిండు. అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని చూసే మనిషి. ఫోన్ తీసి నీళ్లు ఎగజిమ్మే బోర్ల వీడియోలు చూపించిండు. ఒకటి తర్వాత ఒకటి పద్దెనిమిది. చూస్తుంటే నాకే ఆశ పుట్టింది. కాని నాకు ఆ వీడియోల కింద చెక్క బోర్డు కనబడలే. నేను మర్యాదగనే అడిగిన. "అన్నా, ఈ పద్దెనిమిది ఎన్ని పాయింట్లల్ల వచ్చినయి?" ఇరవైల పద్దెనిమిది అయితే ఆయన కాళ్లకు మొక్కి మూడో బోరు వేపిస్త. రెండు వందల్ల పద్దెనిమిది అయితే నా పైసలు నాకే ఉంచుకుంట. ఆయన చాయ్ తాగి, "అట్ల లెక్క ఎవరు పెట్టుకుంటరే" అని పోయిండు. ఆయన చెడ్డోడని నేననను. ఆయన చూపించిన వీడియోలు నిజమే కావచ్చు. చూపియ్యని దాంట్లనే నా రెండు లక్షలు ఉన్నయి.

మనకు చూపించే గెలుపులన్నీ ఇట్లనే ఉంటయి గమనించండి. విత్తనాల ఫ్లెక్సీ మీద నిండుగా కాసిన ఒక్క పత్తి చెట్టు, పక్కన నవ్వే ఒక్క రైతు. ఆ విత్తనం వేసిన మిగతా వాళ్ల చెట్లేవి? యూట్యూబ్‌ల డ్రాగన్ ఫ్రూట్ తోటల నిలబడి ఎకరానికి ఇన్ని లక్షలని చెప్పే వీడియో. స్తంభాలకు ఎంతైంది, మొదటి రెండేళ్లు ఇల్లెట్ల గడిచింది, అదే మండలంల పీకేసినోళ్లు ఎంతమంది? ఊర్ల రెండించుల నీళ్లు పడ్డ బోరు కాడ కొబ్బరికాయ కొట్టి అందరిని పిలుస్తం. ఎండిన బోరు మీద మాత్రం ఒక రాయి పెట్టి మూసేస్తం. అట్ల మూసినయి మా ఊర్ల ఎన్నున్నయో ఎవరూ లెక్క పెట్టలే. పడ్డ బోర్లు మాత్రం అందరికీ నోటికొచ్చు.

(ఈ సందర్భంల ఒక మాట. ఎండిన బోరు గుంత మీద రాయి పెట్టి ఊకోకండి. మట్టి నింపి గట్టిగా మూయండి, లేదంటే కేసింగ్‌కు క్యాప్ బిగియ్యండి. పిల్లలు తిరిగే చోటు.)

నేను ఒక పని చేసిన. మా చెలక చుట్టూ, కాలినడకన తిరిగే దూరంల ఎవరెవరు బోర్లు వేసిన్రో ఇంటింటికీ పోయి అడిగిన. పడ్డదా, ఎన్ని ఫీట్లు, ఎండాకాలం ఆగిందా, ఎన్నేళ్లు పోసింది. కొందరు మొదట చెప్పలే. నా రెండు ఎండినయి ముందు చెప్పినంక వాళ్లు కూడా చెప్పిన్రు. మొత్తం 23 బోర్లు. నీళ్లు పడ్డవి 9. అందులో ఈ ఎండాకాలం దాకా పోస్తున్నవి 4. అంటే ఐదింటికి ఒకటి కూడా సరిగ్గ నిలవలే. ఆ నాలుగూ చెరువు వైపు పల్లంలనే ఉన్నయి. మా చెలక మిట్ట మీద ఉంది.

ఈ లెక్క ముందు పెట్టుకొని ఇంట్లో అందరం కూసొని మాట్లాడినం. మూడో బోరు వెయ్యొద్దని తేల్చినం. ఆ రెండెకరాలు ఈ వానాకాలం కంది, అందులో సాళ్ల నడుమ పెసర. మిట్టకు అడ్డంగా గట్లు పోసి, కింది మూలకు ఒక నీటి గుంట తవ్విస్తున్నం. వాన నీళ్లు అక్కడ ఆగితే ఒక తడి అన్న అందుతది. మా వాడు కత్తి మార్చుకున్నట్టు మేం పంట మార్చుకున్నం. ఇది గెలుస్తదో లేదో నాకు తెల్వదు. గెలిచినా ఓడినా దాని కింద లెక్క మాత్రం రాసి పెడ్త.

మీకు నేను చెప్పేది బోరు వెయ్యొద్దని కాదు. మీ భూమి మీది, మీ పల్లం మీది. పిల్లలకు రోజంతా ఫోన్ ఇయ్యమని అసలే కాదు. రెండు మాటలు మాత్రం అడుగుతున్న.

ఒకటి, మీ పిల్లలు ఇట్లాంటి ఆట ఆడుతుంటే ఒక్కసారి పక్కన కూసొని, "ఇది ఎట్ల వచ్చింది, ఎన్నిసార్లు ప్రయత్నం చేసినవ్" అని అడగండి. కష్టపడి తెచ్చినోడు లెక్క చెప్తడు. కొన్ని వేరే ఆటల్ల పైసలు కడితేనే బట్టలు, తుపాకులు వస్తయి. మా వాడకట్టుల ఒకాయన అకౌంట్ల నుంచి అట్లనే పైసలు పోయినయి. ఆ తేడా మీకు అడిగితేనే తెలుస్తది. ఫోన్‌ల పైసలు కట్టే యాప్‌లకు పిన్ మీ దగ్గరనే ఉంచుకోండి.

రెండు, ఈ పేజీల మనం పంట ఫోటోలు పెడ్తం. మంచిదే, చూసి సంతోషపడ్తం. ఇకనుంచి ఫోటో కింద ఒక్క లైను రాద్దాం. ఎన్నో ఏడు ఈ పంట, ఎన్నిసార్లు పోయింది, ఎకరానికి పెట్టుబడి ఎంత, చేతికొచ్చింది ఎంత. పోయిన పంట ఫోటో కూడా పెట్టండి. ఇందులో నామోషీ లేదు. మీ ఒక్క ఎండిన బోరు లెక్క చదివి ఇంకో ఊర్ల ఇంకో రైతు లక్ష రూపాయలు మిగుల్చుకోవచ్చు.

ముందు నాది నేనే రాస్తున్న: 2 బోర్లు, 320 ఫీట్లు, 450 ఫీట్లు, మిట్ట నేల, రెండూ ఎండినయి.

మీవి కామెంట్ల రాయండి. ఊరి పేరు వద్దనుకుంటే మండలం రాస్తే చాలు. పడ్డవీ రాయండి, పడనివీ రాయండి. అన్నీ కలిపి వచ్చే నెల ఒక పట్టీ చేసి ఇక్కడనే పెడ్త.

మా వాడి నీలం జీవి సంగతి అడుగుతరేమో. నిన్నటికి 371. ఇంకా రాలే.